ఇనాయతుల్లా నీడ

పొద్దున ఎనిమిదిన్నరకంతా కొత్త తాళ్ళమిట్ట కాలనీ ఆడవాళ్ళు కుట్టు మిషన్లు మోసుకొచ్చి బడి ముందర నీడలో దించుకుంటారు. మొత్తం ముప్పై రెండు మిషన్లు. ప్రొద్దుటూరు బట్టలంగళ్ళకు లంగాలు, నైటీలు కుట్టి పంపుతారు. వాళ్ళ పక్కనే మాధవి టీచరు పదో తరగతి పిల్లలను గోనెపట్టాల మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్తుంది. ఇంకో పక్క డెయిరీ వ్యాను కోసం పాల క్యాన్లు వరసగా పెట్టి ఉంటాయి. ఆ చివర ముసలి పెంచలమ్మ నులకమంచం. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎండకు తలుపులేసుకునే మే నెలలో కూడా ఆడ మధ్యాహ్నం మూడింటిదాకా సందడే.

అది చెట్టు నీడ కాదు. ఆ కాలనీలో చెట్లు లేవు. అది ఇనాయతుల్లా నీడ. ఇనాయతుల్లా కువైట్‌లో ఉన్నాడు.

పాత తాళ్ళమిట్ట గండికోట రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోయింది. ఇండ్లతో పాటు చింతచెట్లూ, కానుగ చెట్లూ మునిగిపోయినాయి. ఊరోళ్ళకు జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దోవలో ఒక మిట్ట మీద స్థలాలిచ్చారు. జానెడు తవ్వితే నాపరాయి తగులుతుంది. నాటిన మొక్క నాటినట్టే ఎండిపోయేది. రేకుల ఇండ్లలో పగలు కూర్చోలేక జనం గోడల పక్కన బెత్తెడు నీడ కోసం పొద్దుతో పాటు జరుగుతా ఉండేవాళ్ళు.

ఆ కాలనీ నుంచి మొదట గల్ఫ్ దేశం పోయింది తాపీమేస్త్రీ ఇనాయతుల్లానే. అప్పటికి అతని కూతురు మసరత్‌కు ఏడాది నిండింది. ఇప్పుడు బడి ఉన్న చోట అప్పుడు బయలుండేది. ఆడ జీపెక్కాడు. జీపు కదిలింది, అతని నీడ కదల్లేదు. చూస్తా ఉన్న పెంచలమ్మ ఇంటికి పోయి మంచం తెచ్చి ఆ నీడలో వాల్చుకొని పడుకుంది. అంతే. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ తర్వాత పోయినోళ్ళందరి నీడలూ అట్లనే నిలబడిపోయినాయి. ఎవరు ఎక్కడ బండెక్కితే వాళ్ళ నీడ అక్కడ. పోయినప్పుడు మనిషంతే ఉండేది, ఏడాదికేడాది పెరిగేది. సెలవుకు మనిషి ఇంటికొస్తే నీడ వచ్చి కాళ్ళ దగ్గర చేరేది. తిరిగి పోతే మళ్ళీ ముందున్నంత పరుచుకునేది. కువైట్‌లో ఉన్నోళ్ళు ఒక సంఘం పెట్టుకొని నీడ ఉన్న చోటల్లా ఏదో ఒకటి కట్టించారు. ఇనాయతుల్లా నీడలో బడి లేచింది. అద్నాన్ నీడలో మంచినీళ్ళ ప్లాంటు, అన్సర్ నీడలో బస్టాపు. ఒకసారి సర్వేకు వచ్చిన అధికారి చెట్లెన్ని అనే గడిలో ఇరవై మూడు అని రాసుకొని పోయాడు. అది పరాయి దేశంలో ఉన్నోళ్ళ లెక్క. జెండా పండగకు వచ్చిన పెద్ద అధికారి, పరాయి దేశంలో ఉండి కూడా సొంత ఊరిని ఇట్లా పైకి తెచ్చుకోవడం చూసి మిగతా కాలనీలు నేర్చుకోవాలని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఇరవై మూడు మందిలో ఇద్దరు తర్వాత చనిపోయారు. అన్సర్ శవం పెట్టెలో ఇంటికొచ్చింది. ఖననం చేసేటప్పుడు అతని నీడ బస్టాపు మీద నుంచి జరిగి గుంతలోకి దిగిపోయింది. ఇప్పుడు బస్టాపులో ఎవరూ నిలబడరు. అద్నాన్‌ను అక్కడే, కువైట్‌లోనే పూడ్చారు. అతని నీడ నీళ్ళ ప్లాంటు మీద అట్లనే ఉండిపోయింది. ఆ రెండూ చూశాక కాలనీకి ఒక సంగతి అర్థమైంది. కానీ దాన్ని ఎవరూ పైకి అనలేదు.

ఇనాయతుల్లా పదహారేండ్లలో నాలుగుసార్లు సెలవు మీద వచ్చాడు. మొదటిసారి వచ్చినప్పుడు జనం దండలేశారు, నలభై రోజులుంచుకున్నారు. రెండోసారికి అతని నీడలో బడి ఉంది, నెల తిరక్కముందే పిల్లలకు ఎండ తగులుతాందని మాధవి టీచరు వచ్చి చెప్పింది. నాలుగోసారి వచ్చినప్పుడు కుట్టు మిషన్లున్నాయి. తొమ్మిదో రోజుకే, "మామా, టికెట్టు ఎప్పటికి?" అని దోవలో కనిపించిన ప్రతి ఒక్కరూ అడిగారు. అడిగినోళ్ళందరూ నవ్వుతానే అడిగారు.

ఆ మిషన్ల పని మొదలుపెట్టింది అతని భార్య ఫరహత్. ప్రొద్దుటూరు అంగళ్ళు తిరిగి ఆర్డర్లు తెచ్చింది, మిషను తొక్కడం రాని ముప్పై ఒక్క మందికి నేర్పింది. విచిత్రమేమంటే మొగుడి నీడ బడి ముందర అంత దూరం పరుచుకున్నా రెండు వీధులవతల ఉన్న వాళ్ళ సొంత రేకుల ఇంటిని మాత్రం చేరలేదు. మసరత్ చిన్నప్పుడు బడి అయిపోయాక కూడా ఇంటికి పోకుండా ఆ నీడలోనే కూర్చునేది. ఎందుకే అంటే, "అబ్బా దగ్గర ఉండా" అనేది.

పోయిన పదహారో ఏట మార్చి నెలాఖరున ఇనాయతుల్లా ఫోన్ చేశాడు.

"ఫరహత్, నాకు కిడ్నీలు రెండూ పోయినాయంట. ఇన్నేండ్లు ఎండలో పని చేసి, నీళ్ళు చాలక అట్లయిందని డాక్టరు చెప్పినాడు. ఇంక పని చేయొద్దన్నాడు. వచ్చేస్తాండా."

"సెలవు మీదనా?"

"లేదు. అంతే, ఇంక పోను."

ఫరహత్ ఎదురుగా మిగతా మిషన్లన్నీ టకటకా ఆడుతున్నాయి. ఆ చప్పుడు ఫోన్లో అతనికీ వినిపించింది.

"ఏం, పలకవు?" అన్నాడు.

"రాప్పా. ఇల్లు నీది కాదా," అంది.

కాలనీలో పెద్దమనిషి నారాయణ. రైతు, పాత ఊళ్ళో ముప్పై ఎకరాలు మునిగినోడు. కాలనీలో ఏ కాగితం కావాలన్నా ఆయన దగ్గరికే పోవాలి. ఆయన ఆ సాయంత్రమే ఫరహత్ ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చొని రేకుల వైపు చూశాడు.

"ఆరోగ్యం కన్నా ఎక్కువ ఏముందమ్మా. రానీ. కాకపోతే వచ్చేది ఎండాకాలం. జూన్ దాకా ఆగితే వానలు పడతాయి కదా. ఆడ గవర్నమెంటు ఆస్పత్రులు మన వాటికన్నా బాగుంటాయంట."

"నేను చెప్తే ఆగడు రెడ్డన్నా."

"నువ్వు చెప్పినావా?"

లోపల చదువుకుంటున్న మసరత్ పుస్తకం మూసి బయటికొచ్చింది. ఆమెకు పదిహేడేండ్లు, జమ్మలమడుగులో ఇంటర్ చదువుతోంది, నర్సు కావాలని ఆశ.

"మా అబ్బా ఎందుకు ఆగాల?" అంది.

నారాయణ ఆమెను ప్రేమగానే చూశాడు. "ఆగాలని ఎవరన్నారు పాపా," అని లేచి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ రెండో వారంలో ఇనాయతుల్లా ముద్దనూరు స్టేషన్లో రైలు దిగి ఆటోలో వచ్చాడు. మొహం ఉబ్బింది, చేతులు సన్నబడినాయి. పగలు పదకొండు గంటలు. కాలనీ మొగదలలో అతను కాలు పెట్టగానే బడి ముందరి నీడ పట్టా లాగినట్టు లేచిపోయి, వీధి వెంబడి పారి, అతని మడమలకు వచ్చి అంటుకుంది. కుట్టే ఆడవాళ్ళ మీద, పిల్లల మీద ఒక్కసారిగా ఎండ పడింది. మాధవి టీచరు సుద్దముక్క పెట్టెలో వేసి, పిల్లలను ఇండ్లకు పంపింది. ఆడవాళ్ళు మిషన్లు ఎత్తుకున్నారు. అందరూ అతన్ని పలకరించారు. ఎట్లుండావు మామా అన్నారు.

వారానికి రెండుసార్లు ప్రొద్దుటూరులో డయాలిసిస్. మసరత్ ఆ రెండు రోజులూ కాలేజీ మానేసి తండ్రిని బస్సులో తీసుకుపోయేది. రక్తం శుభ్రమయ్యే నాలుగు గంటలూ పక్కనే కూర్చునేది. వాళ్ళిద్దరూ అంతసేపు ఎప్పుడూ ఒకచోట లేరు. అతను కూతురికి ఇష్టమైన కూరేదో తెలియక అడిగి తెలుసుకున్నాడు. ఆమె తండ్రికి ఎడమ చెవి సరిగా వినపడదని తెలుసుకుంది. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర పని చేసి అట్లయిందని చెప్పాడు.

"ఆడ నీకు నీడ లేకపోతే ఎట్లుంటాది అబ్బా?" అని అడిగింది ఒకరోజు.

"మేము కట్టే మేడ లేస్తే దాని నీడలో కూచుంటాము. అది లేచేసరికి ఇంకో చోటికి తోలుతారు," అన్నాడు.

ఈ పక్క కాలనీలో పాలు విరిగిపోవడం మొదలైంది. డెయిరీ వ్యాను రావడం మానేసింది. రేకుల కింద మిషను తొక్కలేక ఆడవాళ్ళు ఆర్డర్లు సగం కూడా పూర్తి చేయలేదు. ప్రొద్దుటూరు షాపుల వాళ్ళు వేరే ఊరు చూసుకుంటామన్నారు. మే పదో తేదీ మధ్యాహ్నం పెంచలమ్మ అలవాటు కొద్దీ మంచం తీసుకొచ్చి బడి ముందర వాల్చుకొని పడుకుంది. నీడ లేదని ఆమెకు గుర్తు లేదో, తెలిసే పడుకుందో. నాలుగింటికి చూస్తే ప్రాణం లేదు.

పెంచలమ్మను మట్టి చేసేకాడికి ఇనాయతుల్లా కూడా పోయాడు. అతను నిలబడిన చోట జనం రెండడుగులు పక్కకు జరిగారు. ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. పెంచలమ్మ కొడుకు వచ్చి, అతని కాళ్ళ దగ్గరున్న మనిషంత నీడ వైపు కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నారాయణ, మాధవి, మిషన్ల ఆడవాళ్ళు కొందరు ఇంటికి వచ్చారు. మాధవి మొదలుపెట్టింది.

"మీరు పని చేయొద్దు, అన్నా. ఎవరూ పని చేయమనడం లేదు. ఊరికే ఆడ ఉండండి. సంఘం వాళ్ళు రూము చూస్తామన్నారు, సెక్రటరీ రహీం దగ్గరుండి చూసుకుంటానన్నాడు. టికెట్టు మేమందరం కలిసి తీస్తాము."

"ఈడ చచ్చిపోతే నా బిడ్డ కండ్ల ముందర పోతానని వచ్చినానమ్మా," అన్నాడు ఇనాయతుల్లా.

"అట్లాంటి మాటలెందుకు. బాగవుతారు."

అతను భార్య వైపు తిరిగాడు. ఫరహత్ అప్పటికే అటక మీద నుంచి సూట్‌కేసు దించి తడి గుడ్డతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"సరే," అన్నాడు. "ఎప్పుడు?"

మసరత్ తలుపుకు అడ్డం నిలబడింది. తండ్రి ఆమె చెయ్యి పట్టుకొని మెల్లగా పక్కకు జరిపాడు. ఆ మే ఇరవై రెండున అతన్ని సరిగ్గా పాత చోటనే, బడి ముందర కారెక్కించారు. కారు కదలగానే నీడ కాళ్ళ నుంచి ఊడి, పదహారేండ్ల మేర ఒక్కసారే పరుచుకుంది. కారు మలుపు తిరగక ముందే మొదటి మిషను చప్పుడు వినపడింది.

జూలై చివర్లో రహీం ఫోన్ చేశాడు. రహీం ఇనాయతుల్లాతో ఒకే గదిలో ఉండేవాడు. అతను మొదట ఏడ్చాడు. తర్వాత చెప్పాల్సింది చెప్పాడు. శవాన్ని ఇంటికి పంపాలా, అక్కడే ఖననం చేయాలా అని ఆస్పత్రి వాళ్ళు అడుగుతున్నారు. అక్కడే చేయాలంటే భార్య సంతకంతో నోటరీ కాగితం పంపాలి.

బడిలో అందరూ కూడారు.

"మనిషి ఎటూ రాడు తల్లీ," అన్నాడు నారాయణ. "ఈడ పూడ్చినా మన్నే, ఆడ పూడ్చినా మన్నే. ఆడ పూడిస్తే నీడ ఇంక ఎన్నటికీ కదలదు. పిల్లలకు, పిల్లల పిల్లలకు ఉంటాది. ఇంతకన్నా పుణ్యం ఆయనకేముంది?"

ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళు ఫరహత్ వైపు చూశారు. వాళ్ళకు మిషను తొక్కడం నేర్పింది ఆమెనే.

మసరత్ రహీంకు తనే ఫోన్ చేసి, మా అబ్బాను పంపించండి అని అడిగింది. భార్య మాటే చెల్లుతుంది బేటీ అన్నాడతను. తల్లి ఆధార్ కార్డును మసరత్ తీసి జొన్నల డబ్బాలో పూడ్చిపెట్టింది. అదేమీ పనికి రాలేదు. నారాయణ దగ్గర కాలనీలో అందరి కార్డుల జిరాక్సులూ ఉన్నాయి.

జమ్మలమడుగు కోర్టు పక్కన నోటరీ గదిలో ఫరహత్ సంతకం పెట్టింది. ఆమెకు ఉర్దూలోనూ తెలుగులోనూ సంతకం చేయడం వచ్చు. తెలుగులో పెట్టమన్నారు. బయటికొచ్చాక నారాయణ షోడా ఇప్పించాడు. తాగింది.

శుక్రవారం కువైట్‌లో ఖననం జరిగింది. ఆ రోజు బడి ముందరి నీడ ఒకసారి వణికి, నేలను గట్టిగా పట్టుకున్నట్టు కుదురుకుంది.

సోమవారం ఫరహత్ తన మిషను తెచ్చి ఎప్పటి చోట వేసుకొని కూర్చుంది. కాసేపటికి తల మీద ఎండ చురుక్కుమంది. పైకి చూసింది. చుట్టూ నీడే. తన మీద మాత్రం, తను కూర్చున్నంత మేర, ఎండ పడుతోంది. మిషను పక్కకు జరుపుకుంది. ఎండ కూడా జరిగింది. నీడ నడిమధ్యకు పోయి కూర్చుంది, ఆడ కూడా అంతే. సంతకం పెట్టమన్నోళ్ళెవరి మీదా ఆ ఎండ పడలేదు. పక్కనున్న ఆడవాళ్ళు చూశారు. చూసి, తమ బట్టలకు ఎండ తగలకుండా మిషన్లు కొంచెం ఎడంగా జరుపుకున్నారు.

ఆమె నెల రోజులు తల మీద కొంగు కప్పుకొని అట్లనే కుట్టింది. కుట్టిన లంగాలు ఎండకు వెలిసి ప్రొద్దుటూరు నుంచి తిరిగొచ్చాయి. అప్పుడు ఒకామె చెప్పింది, మెత్తగానే.

"అక్కా, నువ్వు ఇంట్లో కూర్చొని కుట్టుకో. నీ బట్టలతో మా ఆర్డర్లు కూడా పోతాండాయి."

ఇంట్లో రేకుల కింద కూర్చొని కుడితే రోజుకు నాలుగు కూడా అయ్యేవి కావు. ప్రొద్దుటూరు ఆర్డర్లు ఇప్పుడు ఇంకొకామె పేరు మీద వస్తున్నాయి. కూతురు తల్లితో మాట్లాడటం మానేసింది. తిండి పెట్టుకునేది, తినేది, గిన్నె కడుక్కునేది. కాలేజీ బస్సుకు పోయేటప్పుడు తండ్రి నీడ తొక్కకుండా కాలనీ చుట్టూ ఎండలో తిరిగి పోయేది. సంక్షేమం, సాయం అని మాట్లాడేవాళ్ళందరూ ఆ ఇంటి వీధిలోకి రావడం తగ్గించారు.

ఫరహత్ పులివెందుల పోయి ఏజెంటును కలిసింది. కువైట్‌లో ఇంటిపనికి వీసా దొరికింది. కూతురు నర్సింగ్ చదవాలంటే ఆమెకు తెలిసిన దోవ అదొక్కటే. ఆ సంగతి తెలియగానే నారాయణ చాలా రోజుల తర్వాత ఇంటికి వచ్చాడు.

"మంచి పని చేస్తాండావు. బడి వంటపాక కాడ శానా ఎండగా ఉండాది. వంట చేసేవాళ్ళు అల్లాడిపోతాండారు. పోయే రోజు ఆడ బండెక్కు తల్లీ. పదేండ్లకు పాకంతా కమ్ముకుంటాది."

ఫరహత్ సరేనంది.

ఫిబ్రవరి మూడో తేదీ పొద్దున వంటపాక దగ్గర జనం చేరారు. వంట చేసే ఆడవాళ్ళు పూలదండ తెచ్చారు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఫరహత్ రాలేదు. ఆమె ముద్దనూరు నుంచి ఆటో పిలిపించుకొని తన ఇంటి గడప ముందరే, కూతురు చదువుకునే కిటికీ పక్కనే ఎక్కి వెళ్ళిపోయింది. మసరత్ బయటికి రాలేదు. ఆటో చప్పుడు దూరమయ్యాక కిటికీలో నుంచి చూసింది. మట్టి మీద తల్లి నీడ ఉంది, చేతిలో సంచీ పట్టుకొని.

మొదటి వారం ఆమె దాన్ని తొక్కకుండా దాటుకొని పోయింది. మార్చి వచ్చింది. రేకులు కాలాయి, పుస్తకం మీద చెమట కారి అక్షరాలు చెదిరాయి. జూన్‌లో నర్సింగ్ ప్రవేశ పరీక్ష. ఒకరోజు మసరత్ కుర్చీ బయటికి తెచ్చి, కాసేపు నిలబడి, ఆ నీడలో వేసుకుంది. నీడ లోపల చల్లగా ఉంది. తలకాయ కుదుటపడింది. ఆ రోజు మూడు పాఠాలు చదివింది. తర్వాత రోజూ ఆడనే కూర్చుంది. నీడ సన్నదైనా ఒక మనిషికి సరిపోయేది. ఏప్రిల్‌కు పుస్తకాలు పెట్టుకునే బల్ల మీదికి కూడా వచ్చింది.

ఏప్రిల్ చివర, మధ్యాహ్నం పూట తల్లి ఫోన్ చేసింది. తల్లి గొంతు విని మసరత్ చాలా నెలల తర్వాత, "చెప్పమ్మా," అంది.

ఫరహత్‌కు ఆ మాటకే ఏడుపొచ్చింది. తమాయించుకొని చెప్పింది. "చేతి మీద కాగే నూనె పడింది. వేళ్ళు ముడుచుకుపోయినాయి, పని చేయలేకపోతాండా. మేడం కొడతాండాది. పోతే పో, టికెట్టు నేనే తీస్తా అని కూడా అంటాండాది. వచ్చేయనా బేటీ? నువ్వు రమ్మంటే వారంలో వచ్చేస్తా."

మసరత్ కండ్లు పుస్తకం మీద ఉన్నాయి. బల్ల అంచుకు అవతల నేల మీద ఎండ తెల్లగా కొడుతోంది. కాళ్ళు ఇంకొంచెం లోపలికి లాక్కుంది.

"చేతికి మందు పూసుకుంటాండావా?" అంది.

"పూసుకుంటాండా."

"పరీక్ష అయిపోనీమ్మా," అంది మసరత్. "అయినాక చెప్తా."

అవతల నుంచి సరేనన్న మాట వినిపించింది. పరీక్ష జూన్ పదకొండున అయిపోయింది. సీటు వచ్చింది, చదువు నాలుగేండ్లు. మసరత్ ఆ సంగతి తల్లికి ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది. రమ్మని మాత్రం చెప్పలేదు. ఫరహత్ మళ్ళీ అడగలేదు.